గట్టెక్కిన మొసలి: లండన్ దాటిన షెర్లాక్ హోమ్స్

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక శాఖా గ్రంథాలయంలో రిటైరైన స్టేషన్ మాస్టర్ ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. లైబ్రేరియన్ గారు ఇందాక నన్ను మాస్టారు అని పరిచయం చేశారు. ముందు వరుసలో పిల్లలు కంగారు పడకండి, నేను లెక్కల మాస్టర్ని కాదు, స్టేషన్ మాస్టర్ని. (నవ్వులు) నేను చదివిందంతా నైట్ డ్యూటీలో, ఒక గూడ్స్ వెళ్లాక ఇంకో గూడ్స్ వచ్చేలోపు చదివిందే. డ్యూటీలో పుస్తకాలు చదవకూడదు. ఇప్పుడు ఒప్పుకున్నా పెన్షన్ ఆపరులే అన్న ధైర్యంతో చెబుతున్నాను.

మా స్టేషన్ ఎదురుగా అద్దె పుస్తకాల బడ్డీ ఒకటుండేది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు, వీళ్లతో మొదలైంది నా పిచ్చి. ఆ బడ్డీలో పుస్తకాలకు అట్టలుండవు, కొన్నింటికి ఆఖరి పేజీలూ ఉండవు. అలాంటిది చేతికొస్తే హంతకుడెవరో తెలియక వారం రోజులు టెన్షన్. అక్కణ్ణుంచి, పక్కన డిక్షనరీ పెట్టుకుని, మెల్లగా ఇంగ్లీషు కథల డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ దగ్గరికి చేరాను. ఇవాళ అతని గురించే మాట్లాడతాను. అయితే లండన్‌లో తన మకాం బేకర్ స్ట్రీట్‌లో పైపు కాల్చుకుంటూ కూర్చున్న హోమ్స్ గురించి కాదు. ఇంగ్లండ్ ఒడ్డు దాటి బయటికెళ్లిన హోమ్స్ గురించీ, వెంట వెళ్లిన స్నేహితుడు, మనకా కథలు చెప్పే డాక్టర్ వాట్సన్ గురించీ.

నీళ్లలో ఉన్నంతసేపూ మొసలి ఏనుగునైనా పట్టి లాగుతుంది, అదే మొసలి బయటికొస్తే కుక్క చేతిలో భంగపడుతుంది అన్నాడు వేమన. స్థానబలిమి అన్నాడు దాన్ని. చిన్నప్పుడు మనమంతా బట్టీపట్టిన పద్యమే. హోమ్స్ కథలు రెండోసారో మూడోసారో చదువుతున్నప్పుడు నాకు ఆ మొసలి గుర్తొచ్చింది.

హోమ్స్ బలం ఎక్కడుందో చూడండి. మనిషి ప్యాంటు మీద పడిన బురద చుక్క రంగు చూసి, లండన్‌లో ఏ పేటలో నడిచి వచ్చాడో చెబుతాడు. ఏ వీధిలో ఏ దుకాణం పక్కన ఏ దుకాణం ఉందో వరసపెట్టి అప్పజెబుతాడు. రోజుకో షిల్లింగ్ ఇస్తే ఊరంతా గాలించి వచ్చే వీధి పిల్లల సైన్యం ఉంది. వాసన పట్టడానికి టోబీ అనే కుక్క ఉంది, అది కూడా అద్దెకే. పాత పేపర్ కటింగులు అంటించిన పుస్తకాలున్నాయి. ఇవన్నీ కలిస్తే హోమ్స్. వీటిలో ఏదీ సూట్‌కేసులో పట్టదు. మీరు డార్ట్‌మూర్ అంటారేమో, అక్కడ బురద నేలలో వేటకుక్క కేసు గెలిచాడు కదా అని. గెలిచాడు. కానీ అదీ ఇంగ్లండే. అదే పోలీసు, అదే భాష, అదే టైమ్‌టేబుల్.

ఆర్థర్ కోనన్ డాయల్ 1887 నుంచి 1927 దాకా నలభై ఏళ్లలో హోమ్స్ మీద నాలుగు నవలలు, 56 కథలు రాశాడు. మొత్తం 60. వీటిలో హోమ్స్, వాట్సన్ ఇద్దరూ పరాయి గడ్డ మీద తిరుగుతుండగా మన కళ్ల ముందు నడిచే కథలు ఎన్నున్నాయనుకున్నారు? గట్టిగా చెప్పుకుంటే రెండు. మిగతావన్నీ ఊరికే వినికిడి. ఒడెస్సా వెళ్లి ఒక హత్య కేసు చూశాడట, ట్రింకోమలీలో ఇద్దరన్నదమ్ముల విషాదం తేల్చాడట, పారిస్‌లో ఒక హంతకుణ్ణి పట్టిస్తే ఫ్రాన్స్ అధ్యక్షుడు స్వహస్తాలతో ఉత్తరం రాసి లీజియన్ ఆఫ్ ఆనర్ అనే బిరుదు ఇచ్చాడట. ఒక్కో దానికి ఒక్కో వాక్యం. ఆ వాక్యం చదివి మనం నోరూరించుకోవడమే.

ఇంకో తమాషా ఉంది. 1887 వసంతంలో నెదర్లాండ్-సుమత్రా కంపెనీ, బారన్ మోపర్టుయి అనే మాయగాడి కేసులో హోమ్స్ యూరప్‌లో రెండు నెలలు పనిచేశాడు. రోజుకు పదిహేను గంటలు తక్కువ కాకుండా, ఒక్కోసారి ఐదేసి రోజులు నిద్ర లేకుండా. మూడు దేశాల పోలీసులు ఓడిపోయిన చోట గెలిచాడు. యూరప్ అంతా అతని పేరు మోగింది. మరి వాట్సన్ మనకేం చూపిస్తాడు? ఫ్రాన్స్‌లో లియాన్ అనే ఊరి హోటల్ గదిలో, అభినందన టెలిగ్రాములు చీలమండ లోతు పడి ఉంటే, వాటి మధ్య నీరసించి మంచం పట్టిన మనిషిని చూపిస్తాడు. కేసు వివరాలు రాజకీయాలకీ ఆర్థిక వ్యవహారాలకీ సంబంధించినవి, ఇక్కడ చెప్పేవి కావు అని దాటేస్తాడు. విదేశీ గెలుపు చెప్పడు, గెలుపు తర్వాత వచ్చిన జబ్బు చెబుతాడు. వెంటనే విశ్రాంతి కోసమని ఇంగ్లండ్ పల్లెటూరికి తీసుకెళితే, అక్కడ చిన్న దొంగతనం కేసు కనబడగానే హోమ్స్ లేచి కూర్చుంటాడు. మొసలి నీళ్లలోకి దిగింది.

మరి విదేశీ నేరాల మాటేమిటి? డాయల్ తెలివైనవాడు. హోమ్స్‌ని విదేశానికి పంపే బదులు విదేశాన్నే అతని గదిలోకి రప్పించాడు. మొట్టమొదటి నవలలో హత్య లండన్‌లో, పగ అమెరికాలోని యూటాలో. ఇంకో కథలో చనిపోతున్న తండ్రి "ఎలుక" అని ఏదో గొణిగాడని కొడుకు చెబుతాడు. హోమ్స్ బ్రిస్టల్‌కు టెలిగ్రామ్ కొట్టి ఆస్ట్రేలియాలోని విక్టోరియా మ్యాప్ తెప్పిస్తాడు. మ్యాప్ మీద చెయ్యి అడ్డం పెట్టి చదవమంటాడు, "అరాట్" అని కనబడుతుంది. చెయ్యి తీస్తే బల్లారాట్, ఒకప్పటి బంగారు గనుల ఊరు. అదీ హోమ్స్ చేసిన ఆస్ట్రేలియా యాత్ర. అరచెయ్యంత.

ఐదు నారింజ గింజల కథ తెలుసు కదా? నిన్ను చంపుతామన్న హెచ్చరిక, ఐదు నారింజ గింజల రూపంలో, కవర్లో వస్తుంది. మొదటి కవరు మీద పోస్టు ముద్ర ఎక్కడిదో తెలుసా, పాండిచ్చేరిది! మన యానాం అప్పుడు ఆ ఫ్రెంచి పాలన కిందే ఉండేది కాబట్టి నాకదేదో పక్కింటి ముద్రలా అనిపించింది. ఆ కథలో హోమ్స్ ఓడల రిజిస్టర్లు తిరగేసి హంతకులున్న ఓడ పేరు పట్టేస్తాడు. అమెరికాలోని సవానా రేవుకు వార్త పంపిస్తాడు, ఓడ చేరగానే పట్టుకోమని. ఓడ చేరదు. అట్లాంటిక్ మింగేస్తుంది. సాయం కోరి వచ్చిన కుర్రాడు అప్పటికే చనిపోయాడు. సముద్రం అడ్డొస్తే హోమ్స్ చెయ్యి అంతవరకే అందుతుంది.

(సభలో ఒకరు: "ఇండియా సంగతి చెప్పండి మాస్టారూ.")

చెబుతా, చెబుతా. మీరు అడుగుతారనే దాచుకున్నాను. హోమ్స్ వాట్సన్‌ని చూసి అనే తొలి మాటల్లోనే మన వైపు ప్రస్తావన ఉంది: మీరు ఆఫ్ఘనిస్తాన్‌లో ఉండి వచ్చినట్టున్నారే అంటాడు. ముఖం ఎండకు కమిలింది గానీ మణికట్టు తెల్లగా ఉంది. ఎడమ చెయ్యి బిగుసుకుపోయింది. మనిషి జబ్బు పడి లేచినట్టున్నాడు. డాక్టరు, అందులోనూ మిలటరీ వాలకం. ఇంకెక్కడి నుంచి వస్తాడు? వాట్సన్ బొంబాయిలో దిగి, కాందహార్ వెళ్లి, 1880 జులైలో మైవాండ్ యుద్ధంలో తూటా తిని, పెషావర్ ఆసుపత్రిలో టైఫాయిడ్‌తో చావు దాకా వెళ్లి, రోజుకు పదకొండున్నర షిల్లింగుల భత్యంతో లండన్ చేరినవాడు. గమనించండి, ఇద్దరిలో లోకం చూసినవాడు వాట్సన్. మూడు ఖండాలు తిరిగానని తనే చెప్పుకుంటాడు. హోమ్స్ మాత్రం వాట్సన్ ఒంటి మీద ఆఫ్ఘనిస్తాన్‌ని చదువుతాడు. (తూటా మొదట భుజంలో తగిలింది, తర్వాతి నవలలో కాల్లోకి దిగింది. అది డాయల్ మతిమరుపు.)

మన దేశం గురించి డాయల్ రాసినవి చదివితే మనకు నవ్వొస్తుంది. 1857 నాటి ఆగ్రా కోటలో ఇద్దరు సిక్కు సిపాయిలుంటారు, వాళ్లలో ఒకడి పేరు అబ్దుల్లా ఖాన్. హోమ్స్‌ని చంపడానికి గాలి తుపాకీ పట్టుకు తిరిగే కర్నల్ మోరన్ బెంగళూరు పయనీర్స్ అనే పటాలంలో పనిచేసిన పులుల వేటగాడు. ఇక కలకత్తాలో ప్రాక్టీస్ చేసి వచ్చిన డాక్టరొకడు పాముతో హత్య చేయించే కథ. ఆ పాము పాలు తాగుతుంది, ఈల వేస్తే తిరిగొస్తుంది, తాడు పట్టుకుని పైకీ కిందికీ ఎక్కిదిగుతుంది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసేవాళ్లం, పాలు తాగే పాముని మనం తప్పుబట్టలేం గానీ (నవ్వులు), పాము పాలు తాగదనీ, ఈల విని పిలుపందుకోదనీ పాములు పట్టేవాళ్లే చెబుతారు. ఇంత తప్పుల తడకైనా ఆ కథ రాత్రి రెండింటికి స్టేషన్‌లో ఒంటరిగా చదివి చూడండి. నేను కాళ్లు కుర్చీ మీద పెట్టుకుని చదివాను.

సరే, అసలు ప్రయాణానికి వద్దాం. 1893 డిసెంబర్‌లో స్ట్రాండ్ పత్రికలో వచ్చిన కథ. డాయల్‌కు హోమ్స్ మీద విసుగొచ్చి చంపేద్దామనుకుని రాసింది. కథా కాలం 1891 ఏప్రిల్. రాత్రిపూట వాట్సన్ ఇంటికి హోమ్స్ వస్తాడు. వేళ్ల కణుపులు చిట్లి రక్తం. లోపలికి రాగానే కిటికీ తలుపులు మూసేస్తాడు. గాలి తుపాకులంటే భయం అంటాడు. హోమ్స్ నోట భయం అన్న మాట! నేరాల సామ్రాజ్యానికి రాజైన ప్రొఫెసర్ మోరియార్టీ వెంటబడ్డాడు. ముఠాని సోమవారం నాడు పోలీసులు చుట్టుముడతారు, అప్పటిదాకా ప్రాణంతో ఉండాలి. "నాతో యూరప్ వస్తావా?" అని అడుగుతాడు. ఎక్కడికి అంటాడు వాట్సన్, ఎక్కడికైనా సరే అంటాడు హోమ్స్. అయినా వాట్సన్ వెనకాడడు. ప్రాక్టీసు అంతంతమాత్రం, పక్క డాక్టర్ చూసుకుంటాడు, పద అంటాడు.

ఇక్కణ్ణుంచి నా సబ్జెక్టు. కాసేపు ఓపిక పట్టండి, రైలు కథ నన్ను చెప్పుకోనివ్వండి. పొద్దున్నే వాట్సన్ మొదటి బండీ ఎక్కకూడదు, రెండోదీ ఎక్కకూడదు. మూడో బండీ ఎక్కి ఒక ఆర్కేడ్ దాకా వెళ్లి, అవతలి వైపు పరిగెత్తుకుంటూ దూరి బయటపడితే, ఎర్ర అంచు నల్ల కోటు వేసుకున్న బండివాడు సిద్ధంగా ఉంటాడు. ఆ బండివాడు హోమ్స్ అన్నయ్య మైక్రాఫ్ట్. విక్టోరియా స్టేషన్‌లో రిజర్వ్ చేసిన ఫస్ట్ క్లాస్ పెట్టెలో ఎక్కితే అక్కడ ఒక ముసలి ఇటాలియన్ ఫాదరీ. వచ్చీరాని ఇంగ్లీషుతో కూర్చుని ఉంటాడు. హోమ్స్ ఇంకా రాలేదని వాట్సన్ కంగారు. బండి కదులుతుండగా ఫాదరీ ముడతలు మాయమై హోమ్స్ అవుతాడు. ప్లాట్‌ఫాం మీద పొడుగాటి మనిషి జనాన్ని తోసుకుంటూ, బండి ఆపమని చెయ్యి ఊపుతూ పరిగెత్తుకొస్తాడు. మోరియార్టీ.

అయితే తప్పించుకున్నట్టేగా అంటాడు వాట్సన్. నేనే అతని స్థానంలో ఉంటే ఏం చేస్తాను, స్పెషల్ రైలు మాట్లాడుకుంటాను అంటాడు హోమ్స్. డబ్బుంటే అప్పట్లో ఇంజను, పెట్టె అద్దెకు తీసుకోవచ్చు. మన బండి కాంటర్‌బరీలో ఆగుతుంది, ఓడ దగ్గర ఎలాగూ పావుగంట ఆలస్యం, అక్కడ మనల్ని పట్టుకుంటాడు. కాబట్టి కాంటర్‌బరీలో దిగిపోయి, అడ్డదారిన న్యూహేవెన్ వెళ్లి, అక్కణ్ణుంచి ఓడెక్కి ఫ్రాన్స్‌లో డియెప్ చేరదాం. సామానో? అది పారిస్ వెళ్లిపోతుంది, మోరియార్టీ దాని కోసం రెండు రోజులు కాపు కాస్తాడు. మనం దారిలో సంచులు కొనుక్కుని, పోయే ప్రతి ఊళ్లో బట్టలు కొనుక్కుందాం.

దిగారు. వాట్సన్ తన బట్టలున్న లగేజీ వ్యాన్ వెళ్లిపోతుంటే దిగులుగా చూస్తున్నాడు. హోమ్స్ చెయ్యి పట్టి లాగి చూపించాడు. దూరంగా కెంట్ చెట్ల మధ్య సన్నటి పొగ. నిమిషం గడవకుండానే ఇంజను, ఒకే ఒక్క పెట్టె, స్టేషన్లోంచి దడదడమని దూసుకుపోయాయి. ఇద్దరూ లగేజీ గుట్ట వెనక దాక్కున్నారు, ముఖాల మీద వేడి గాలి కొట్టింది.

అద్భుతంగా ఉంది. కానీ నా కడుపు మండిపోయింది. ఎందుకో చెబుతా. ముందు బండి స్టేషన్ వదిలి, ముందున్న సెక్షన్ దాటి, అవతలి స్టేషన్ వాడు బండి చేరిందని చెప్పేదాకా వెనక బండికి లైన్ క్లియర్ ఇవ్వరు. దీన్ని బ్లాక్ పద్ధతి అంటాం. 1889లో ఐర్లండ్‌లో ఆర్మా దగ్గర, ఒక బండి వెనక నిమిషాల లెక్కన ఇంకో బండిని పంపినందుకు ఘోర ప్రమాదం జరిగి 80 మంది దాకా చనిపోయారు, వాళ్లలో చాలామంది పిల్లలు. ఆ ఏడాదే బ్రిటన్‌లో బ్లాక్ పద్ధతి తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. హోమ్స్ ప్రయాణం 1891లో. ముందు బండి లగేజీ వ్యాన్ ఇంకా కనిపిస్తుండగానే వెనక బండిని ఫుల్ స్పీడులో, ఆపకుండా, రన్‌త్రూ ఎవడయ్యా వదిలింది? ఆ కాంటర్‌బరీ స్టేషన్ మాస్టర్‌కి ముందు చార్జిషీటు ఇవ్వాలి! (నవ్వులు, చప్పట్లు) మోరియార్టీ ముఠాలో వాడూ ఉన్నాడని నా అనుమానం. హోమ్స్ దాన్ని కనిపెట్టలేదు.

తర్వాత బ్రస్సెల్స్, స్ట్రాస్‌బర్గ్. స్ట్రాస్‌బర్గ్‌లో లండన్ నుంచి టెలిగ్రామ్: ముఠా అంతా దొరికింది, మోరియార్టీ తప్ప. హోమ్స్ కోపంతో కాగితాన్ని పొయ్యిలోకి విసిరేస్తాడు. ఇక నువ్వు తిరిగి వెళ్లిపో, నాతో ప్రమాదం అంటాడు. వాట్సన్ వెళ్లడు. అక్కడే, స్ట్రాస్‌బర్గ్ హోటల్లో అరగంట వాదించుకుని, ఆ రాత్రే ఇద్దరూ జెనీవా బయల్దేరతారు. ఆ అరగంట నాకు చాలా ఇష్టం. కేసు లేదు, క్లూ లేదు, లెక్క లేదు. ఒకడు పొమ్మంటాడు, ఇంకొకడు పోనంటాడు, అంతే.

రోన్ లోయ, మంచు పట్టి ఉన్న గెమ్మి కనుమ, ఇంటర్‌లాకెన్, చివరికి మే 3న స్విట్జర్లండ్‌లోనే మైరింగెన్ అనే చిన్న ఊరు. ఈ వారం రోజుల్లో హోమ్స్ చేసిన పరిశోధన ఏమిటి? ఏమీ లేదు. కనబడ్డ ప్రతి ముఖాన్నీ అనుమానంగా చూడటం, కొండ మీంచి రాయి దొర్లితే పైకెక్కి చూడటం. ఇంట పులి అన్న సామెత ఇక్కడ పూర్తి చెయ్యను, హోమ్స్ అభిమానులు కొడతారు.

ఆ ఊరు నేను చూశాను. మా అమ్మాయి వాళ్లు జర్మనీలో ఉంటారు. వెళ్లినప్పుడు ఎక్కడికి తీసుకెళ్లమంటావు నాన్నా అంటే, అందరూ మంచు కొండ పేరు చెబుతారు, నేను ఈ ఊరి పేరు చెప్పాను. స్టేషన్‌కి దగ్గర్లోనే పాత ఇంగ్లీషు చర్చి ఉంది, అందులో 1991 నుంచి హోమ్స్ మ్యూజియం నడుస్తోంది. బయట రాయి మీద పైపుతో కూర్చున్న హోమ్స్ కంచు విగ్రహం, 1988లో పెట్టారు. వాట్సన్ విగ్రహం లేదు. వచ్చినవాళ్లు హోమ్స్ పక్కన కూర్చుని ఫొటో దిగుతారు. నేనూ దిగాను, ఆ ఐదు నిమిషాలు వాట్సన్ నేనే.

జలపాతం పేరు రైఖెన్‌బాక్. పైకి వెళ్లడానికి తాడుతో లాగే చిన్న రైలుంది, 1899లో మొదలైంది. ఒక పెట్టె పైకెళుతుంటే దాని బరువుకు జోడుగా ఇంకోటి కిందికొస్తుంది, మధ్యలో లూప్ దగ్గర తప్పుకుంటాయి. మా ఆవిడ జలపాతం చూస్తుంటే నేను లూప్ చూశాను. అంచెలంచెలుగా మొత్తం 250 మీటర్ల మేర దూకుతుంది నీళ్లు. హోమ్స్, మోరియార్టీ కలబడ్డ చోట కొండ మీద తెల్ల నక్షత్రం గుర్తు పెట్టారు. జరగని చావుకి గుర్తు పెట్టిన చోటు అది. అంతకన్నా విచిత్రం, నాకు ఆ గుర్తు చూడగానే గొంతు పట్టుకుంది.

కథలో మే 4 మధ్యాహ్నం ఇద్దరూ ఆ జలపాతం దగ్గరుండగా హోటల్ నుంచి ఒక స్విస్ కుర్రాడు ఉత్తరం తెస్తాడు. క్షయతో చావుబతుకుల్లో ఉన్న ఇంగ్లీషావిడ వచ్చింది, ఇంగ్లీషు డాక్టరే కావాలంటోంది, ఈ చలికాలం దావోస్‌లో గడిపి వచ్చింది అని. వాట్సన్ వెనక్కి పరిగెడతాడు. ఉత్తరం అబద్ధం. (ఆ అబద్ధంలో రాసిన జబ్బే, కథ అచ్చయిన ఏడాదే, డాయల్ ఇంట్లో నిజమైంది. 1893లో ఆయన భార్య లూయిజాకు క్షయ అని తేలింది, ఆమెను దావోస్‌కే తీసుకెళ్లాడు. ఈ సంగతి తెలిశాక ఆ పేజీ మామూలుగా చదవలేకపోయాను.)

మళ్లీ పైకి వచ్చిన వాట్సన్‌కి బండకు ఆనించిన హోమ్స్ చేతికర్ర కనబడుతుంది. మనిషి లేడు. ఇప్పుడు చూడండి అసలు సంగతి. అరవై కథల్లో అన్నిటికన్నా పెద్ద నేరం జరిగిన చోట పరిశోధన ఎవరు చేశారు? వాట్సన్. వణుకుతూనే గురువుగారి పద్ధతి గుర్తు చేసుకుంటాడు. దారి మెత్తటి నల్లమట్టి, నీటి తుంపరకు ఎప్పుడూ తడిగా ఉంటుంది, పిట్ట నడిచినా అడుగు పడుతుంది. రెండు వరసల అడుగులు అంచు వైపు వెళ్లాయి. తిరిగి వచ్చినవి లేవు. అంచు దగ్గర మట్టి చెదిరి ఉంది, చెట్లూ చేమా విరిగి బురదలో పడి ఉన్నాయి. సిగరెట్ కేసు కింద హోమ్స్ రాసిన మూడు కాగితాలు. ఇద్దరూ కలబడి పడిపోయారు అని తేలుస్తాడు. ఒక్క తప్పు లేదు చూడండి, క్లూలన్నీ సరిగ్గా చదివాడు. ముగింపు ఒక్కటే తప్పు.

అది తప్పని తెలియడానికి పాఠకులు పదేళ్లు ఆగాల్సి వచ్చింది. 1903లో హోమ్స్ తిరిగొచ్చి చెబుతాడు: పడింది మోరియార్టీ ఒక్కడే, నేను కొండ గోడ పట్టుకుని పైకెక్కాను. బూట్లు తిరగేసి వేసుకుని వెనక్కి నడవచ్చు, కానీ మూడు వరసల అడుగులు ఒకే వైపు కనబడితే అనుమానం వస్తుంది. అంటే వాట్సన్ ఆ మట్టిని చదవగలడని హోమ్స్‌కి నమ్మకం. వాట్సన్ చదవగలడు కాబట్టే మోసపోయాడు. తెలివితక్కువవాణ్ణి అలా మోసం చెయ్యలేం. మన భాషలో గట్టెక్కడం అంటే బతికి బయటపడటం కూడా. ఆ రోజు హోమ్స్ రెండు రకాలుగానూ గట్టెక్కాడు, తోడున్నవాణ్ణి మాత్రం కిందే వదిలేశాడు.

తర్వాత మూడేళ్లు ఫ్లోరెన్స్, టిబెట్, పర్షియా, మక్కా, ఖార్టూమ్, చివర ఫ్రాన్స్‌లోని మోంపెల్యేలో తారు రసాయనాల మీద ప్రయోగాలు. నార్వే యాత్రికుణ్ణని సిగర్సన్ పేరు పెట్టుకుని లాసా వెళ్లి పెద్ద లామాతో కొన్నాళ్లు గడిపాడట. ఇంత పెద్ద ప్రయాణానికి డాయల్ ఇచ్చిన జాగా ఎంతో తెలుసా? ఒక్క పేరా. ఎందుకంటే పక్కన వాట్సన్ లేడు. చూసి చెప్పేవాడు లేకపోతే టిబెట్ అయినా ఒక పేరాలో అయిపోతుంది.

రెండో విదేశీ కథ 1911లో వచ్చింది. లేడీ ఫ్రాన్సిస్ కార్‌ఫాక్స్ అనే ఒంటరి ఆవిడ, వెంట పాతకాలపు నగలు, యూరప్ హోటళ్లలో తిరుగుతూ ఐదు వారాలుగా ఉత్తరం ముక్క లేకుండా మాయమవుతుంది. హోమ్స్ ఏమంటాడంటే, నేను దేశం విడిచి పోకూడదు, నేను లేకపోతే స్కాట్లండ్ యార్డ్ పోలీసులకి దిగులు, నేరగాళ్లకు హుషారు. కాబట్టి నువ్వెళ్లు వాట్సన్. ఫస్ట్ క్లాస్ టికెట్, ఖర్చులన్నీ వాళ్లవే. ఇలాంటి డ్యూటీ పాస్ నాకు సర్వీసు మొత్తంలో రాలేదు.

వాట్సన్ స్విట్జర్లండ్‌లో లోజాన్ వెళ్లి హోటల్ మేనేజర్ని అడుగుతాడు, హెడ్ వెయిటర్ ద్వారా పనిమనిషి ఆచూకీ పడతాడు. జర్మనీలో బాడెన్ వెళ్లి, ఆవిడ ష్లెసింజర్ అనే జబ్బుపడిన మత ప్రచారకుడికి అతని భార్యతో కలిసి సేవ చేస్తూ వాళ్లతో లండన్ వెళ్లిందని తెలుసుకుంటాడు. ఆ మధ్యలో హోమ్స్ నుంచి టెలిగ్రామ్: ష్లెసింజర్ ఎడమ చెవి ఎలా ఉంటుందో రాయి. వాట్సన్ జోక్ అనుకుని పక్కన పెట్టేస్తాడు! తర్వాత మోంపెల్యే వీధిలో గడ్డం మనిషిని నిలదీస్తే వాడు పీక పట్టుకుంటాడు. ఎదురుగా సారా కొట్టులోంచి దుడ్డుకర్రతో ఒక ఫ్రెంచి కూలివాడు వచ్చి విడిపిస్తాడు. ఆ కూలివాడు హోమ్స్. విడిపించి ఏమంటాడు? నువ్వు చెయ్యని పొరపాటంటూ నాకేదీ గుర్తు రావడం లేదు అంటాడు.

ఇక్కడ నేను వాట్సన్ పార్టీ. ముందు వరసగా హోటల్ హోటల్ తిరిగి దారి కనిపెట్టింది ఎవరు? ఆ దారి పట్టుకునే కదా కేసు లండన్ తిరిగొచ్చింది. చెవి సంగతి తప్పే, ఒప్పుకుంటా. ఆ చెవిని ఆస్ట్రేలియాలో ఒక సారాయి గొడవలో ఎవరో కొరికారు, దాంతో ష్లెసింజర్ అంటే హోలీ పీటర్స్ అనే మోసగాడని తేలేది. కానీ సొంత ఊళ్లో, సొంత నీళ్లలో, హోమ్స్ చేసిన పొరపాటో? శవపేటిక మూత తీసి చూశాడు, లోపల ముసలావిడ శవం ఉంది, సరే అని వచ్చేశాడు. పేటిక అంత పెద్దది ఎందుకని తెల్లవారేదాకా తట్టలేదు. తెల్లవారాక పరుగున వెళితే అదే పేటికలో ముసలావిడ శవంతో పాటు క్లోరోఫాం ఇచ్చిన లేడీ ఫ్రాన్సిస్. ఇంకాస్త ఆలస్యమైతే సజీవ సమాధి. నేరస్థులు పారిపోయారు. చివర్లో హోమ్స్ తన బుద్ధికి గ్రహణం పట్టిన కేసు ఇదని ఒప్పుకున్నాడు. వాట్సన్‌కి మాత్రం క్షమాపణ చెప్పలేదు.

పోల్చడానికి ఒక్క మాట. అగాథా క్రిస్టీ డిటెక్టివ్ హెర్క్యుల్ పువారో బెల్జియం నుంచి ఇంగ్లండ్‌కు వచ్చిన శరణార్థి. అతనికి ఉన్న ఊరే విదేశం. అందుకే నైలు నది మీదైనా, ఎడారిలోనైనా నెగ్గుకొస్తాడు. అతని తోడు హేస్టింగ్స్‌ని మాత్రం 1923 నాటి రెండో నవలతోనే పెళ్లి చేసి అర్జెంటీనా పంపేసింది ఆవిడ. 1934లో వచ్చిన ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్ నవలలో మంచులో రైలు ఇరుక్కుపోయినప్పుడు పువారోకి అసిస్టెంటుగా తిరిగేది ఎవరనుకున్నారు, స్లీపర్ పెట్టెలు నడిపే కంపెనీ డైరెక్టరు! మా డివిజన్‌లో డైరెక్టర్లు చూడ్డానికి కూడా దొరికేవారు కాదు.

టైం అయిందని లైబ్రేరియన్ గారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క ఐదు నిమిషాలు.

1917లో వచ్చిన కథ ఒకటుంది. జరిగేది 1914 ఆగస్టు 2 రాత్రి, మొదటి ప్రపంచ యుద్ధం ముంగిట్లో. హోమ్స్‌కు అరవై ఏళ్లు, రిటైరై ససెక్స్‌లో తేనెటీగలు పెంచుకుంటున్నాడు. ప్రభుత్వం అడిగితే జర్మన్ గూఢచారిని పట్టడానికి బయల్దేరాడు. షికాగో వెళ్లి ఐరిష్ అమెరికన్‌గా మారాడు, బఫెలోలో ఐరిష్ రహస్య సంఘంలో చేరాడు, ఐర్లండ్‌లో పోలీసులను ముప్పుతిప్పలు పెట్టాడు. నమ్మకం సంపాదించడానికి రెండేళ్లు పట్టింది. హోమ్స్ చేసిన అన్నిటికన్నా పొడుగు విదేశీ పని అదే. మళ్లీ అంతే, రెండేళ్లకు రెండు మూడు వాక్యాలు. వాట్సన్ లేడు కదా.

పని చివరికొచ్చాక మాత్రం టెలిగ్రామ్ కొట్టాడు, కారు తీసుకుని రమ్మని. వాట్సన్ వచ్చాడు. డ్రైవర్‌గా. నౌకాదళం రహస్య సంకేతాలని చెప్పి గూఢచారికి హోమ్స్ ఇచ్చిన పొట్లంలో ఉన్నది తేనెటీగల పెంపకం పుస్తకం. వాడు అట్ట చూసి తెల్లబోయే లోపు క్లోరోఫాం. వాణ్ణి కట్టి కారులో వేశాక, ఇద్దరు ముసలి స్నేహితులు వెన్నెల్లో సముద్రం చూస్తూ నిలబడి కాసేపు పాత రోజులు చెప్పుకుంటారు. తూర్పు నుంచి గాలి వస్తోందని, యుద్ధం గురించి నాలుగు పెద్ద మాటలంటాడు హోమ్స్. అక్కడ ఆపేయొచ్చు డాయల్. ఆపలేదు. కారు స్టార్ట్ చెయ్యి వాట్సన్ అంటాడు హోమ్స్. గూఢచారి ఇచ్చిన ఐదు వందల పౌండ్ల చెక్కు జేబులో ఉంది, పొద్దున్నే బ్యాంకులో మార్చుకోవాలి, ఆలస్యం చేస్తే వాడు ఆపించినా ఆపిస్తాడు!

(నవ్వులు, చప్పట్లు)